సగం టిక్కు

జిల్లా ఆఫీసు నుంచి మా బడికి ఒక చార్టు వచ్చింది,
ఏ సముద్రపు ఊరికో పోవాల్సింది, దారి తప్పి.
"తీరప్రాంత పక్షులు", పన్నెండు బొమ్మలు.
అడుగున ఇసుక, ఇసుక అవతల నీలం,
నీలం మీద చిన్న తెరచాప.

గద్వాలకు సముద్రం ఎన్ని మైళ్లో
లెక్కల సారునైనా నాకే తెలియదు.
చుట్టచుట్టి వాపసు కట్ట మీద పెట్టబోతుంటే
జములమ్మ లేచింది:
"సార్, గీ కొంగ మా పుట్టి కాడికి రోజూ వస్తది."

శివరాత్రి దాటిన ఆదివారం.
జూరాల వెనక నీళ్ల ఒడ్డున
మేం పదకొండు మందిమి.
చార్టు బీచుపల్లి భుజం మీద తుపాకి లెక్క.
నీళ్లు వెనక్కి జరిగిన మేరకు
బురద పెంకులుగా ఎండింది.
ఎవరో అప్పుడే కర్బూజ పాదులు పెట్టారు.

మొదటి బొమ్మ, నారాయణ పక్షి:
మోకాలి లోతు నీళ్లల్లో
మెడ భుజాల్లోకి దించుకుని.
"పంపుహౌసు కాడి పోచాలు తాత!" అన్నారందరూ,
చలికాలం దుప్పటి కప్పుకుని అచ్చం అట్లనే నిలబడతాడట.
టిక్కు.

ఎర్రటి పొడుగు కాళ్లది ఇంకోటి.
"చీర తడవకుంట ఎత్తిపట్టి
వాగు దాటే మా చిన్నమ్మ" అంది జములమ్మ.
చార్టులో రాసిన పేరు
ఆ తర్వాత ఎవరూ పలకలేదు.

నల్లా తెల్లా మచ్చల లకుముకి
గాలికి మేకు కొట్టి తగిలించినట్టు
ఒక్కచోటే రెక్కలాడించి
రాయిలా పడింది.
లేచేసరికి ముక్కులో వెండి.

పుట్టిలో పోతున్న బెస్త హనుమంతు
ఆకాశం వైపు తెడ్డు చూపించాడు:
"రామదాసు సార్ అది. అది దూకిన తావునే వల ఏస్త.
జీతం అడగని జీతగాడు."
అది విన్నట్టుంది,
కత్తెర తోక ఒకసారి తెరిచి మూసి వెళ్లిపోయింది.
టిక్కు, టిక్కు.

ఒకటి మాత్రం పొద్దుటి నుంచి
మా నెత్తి మీదే తిరుగుతూ తిడుతోంది.
కంటి ముందు ఎర్ర తోలు, పసుపు కాళ్లు.
తీతువ. చార్టులో లేదు.
"మా అవ్వ అది ఇంటి మీద కూస్తే మంచిది కాదంటది"
అన్నాడు ఖాజా, అడుగు ముందుకేస్తూ.
"ఆగు!"

కాలు గాలిలోనే ఆపేశాడు.
దాని కింద నాలుగు గులకరాళ్లు.
గులకరాళ్లు కావు.
మట్టిరంగు మీద సిరా చుక్కలు,
మొనలన్నీ లోపలికి తిప్పి పేర్చినవి.
ఒంటికాలి మీద ఖాజా,
కొంగకంటే బాగా నిలబడ్డాడు ఆ పూట.
తర్వాత మెల్లగా,
వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ
వెనక్కి వచ్చాం.
ఎంత దూరం పోయామో తీతువ అరుపే చెప్పింది,
తగ్గుతూ తగ్గుతూ.
"అవ్వతో చెప్త" అన్నాడు ఖాజా,
"అది మనకు శాపం పెడతలేదు,
గుడ్లకు కావలి కాస్తున్నదని."

సోమవారం ఖాజా స్కెచ్ పెన్నుతో
పదమూడో బొమ్మ గీశాడు.
చోటు లేక తెరచాప మీదే గీశాడు.
పడవ ఇప్పుడు తీతువను మోస్తున్నట్టుంటుంది.

ఇక పన్నెండోది.
తెల్ల ఒళ్లు, కాఫీరంగు తల,
నిజంగా సముద్రం నుంచే వస్తుందని రాసి ఉంది.
చీకటి పడేముందు
డ్యాం గేట్ల దిక్కు చూశానంటాడు బీచుపల్లి.
"ఒక్కటే ఉండె సార్. నీళ్ల మీద కూసున్నది."
ఎవరూ నమ్మలేదు.
వాడు చెప్పులు పోగొట్టుకున్న కథలు
ఇంతకు ముందు ఐదు విన్నాం.
ప్రమాణం చేయమంటే చేయలేదు,
"చూసిన" అన్నాడు మళ్లీ, అంతే.

పెన్సిలుతో సగం టిక్కు పెట్టాను.
కిందికి దిగే గీత మాత్రమే.

నిన్న ఆఫీసు నుంచి ఫోను:
చార్టు పొరపాటున మీకొచ్చింది, పంపించండి.
"చినిగిపోయింది" అన్నాను, గోడ వైపు చూస్తూ.

కిటికీలోంచి బీచుపల్లి కనిపించాడు.
బడి గంట ఇంకా మోగలేదు,
వాడప్పుడే గేటు దాటి
నీళ్ల దిక్కు పరుగెత్తుతున్నాడు.
పిలవలేదు.
ఇవాళ కాళ్లకు చెప్పులున్నాయి.